మా ఉద్యోగం, మా వీసా, మా ఇల్లు ఒకే చేతిలో పెట్టకండి: విదేశీ ఇంగ్లిష్ టీచర్ల తరఫున బహిరంగ లేఖ

విదేశీ టీచర్లతో ఇంగ్లిష్ చెప్పించే భాషా పాఠశాలల యాజమాన్యాలకు, మమ్మల్ని ఆ ఉద్యోగాల్లో చేర్చే ఏజెన్సీలకు, పని అనుమతులు ఇచ్చే అధికారులకు

నమస్కారం.

పుట్టిన దేశం వదిలి వచ్చి, ఇంకో దేశంలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న టీచర్‌ని నేను. నా మాతృభాష తెలుగు. మా ఇబ్బందులన్నీ ఒక కాగితం మీద రాసి, కొందరం టీచర్లం సంతకాలు పెట్టి, ముందు మా యాజమాన్యానికి ఇచ్చాం. చూస్తామన్నారు. తర్వాత కార్మిక శాఖకు పంపాం. ఇది వీసాకు సంబంధించిన విషయం, ఇమిగ్రేషన్ వాళ్లను అడగమన్నారు. ఇమిగ్రేషన్ వాళ్లేమో ఇది కాంట్రాక్టు గొడవ, మా పరిధిలోకి రాదన్నారు. ఆ పైన ఎవరి దగ్గర నుంచీ మాట లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో రాసిన అర్జీ మీ దగ్గరే ఉంది. దాన్ని తెలుగులో మళ్లీ వివరంగా రాయడానికి కారణం, ఈ ఉద్యోగాల ప్రకటనలు మన తెలుగు పిల్లల ఫోన్లకు కూడా వస్తున్నాయి. సంతకం పెట్టకముందే వాళ్లకు ఈ సంగతులు తెలియాలి.

మమ్మల్ని మర్యాదగా చూసుకునే పాఠశాలలు ఉన్నాయి. మా కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన సిబ్బంది ఉన్నారు. వాళ్లకు మా కృతజ్ఞతలు. అయితే మా బతుకు ఒకరి మంచితనం మీద నడవకూడదు, నిబంధనల మీద నడవాలి. ఈ లేఖ అడిగేది అదే.

మా పని బయటి నుంచి చూసేవాళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది. వారానికి ఇరవయ్యో ఇరవై అయిదో గంటల క్లాసులు, నెల నెలా జీతం, కొత్త దేశం. ప్రకటనల్లో ఇంతవరకే ఉంటుంది. నిజానికి భాషా పాఠశాలకు ఉద్యోగస్తులు ఆఫీసుకు వెళ్లే ముందు వస్తారు, లేదా ఆఫీసు అయ్యాక వస్తారు. పిల్లలు బడి వదిలాక వస్తారు. కాబట్టి పొద్దున్నే ఒక క్లాసు, సాయంత్రం నుంచి రాత్రి దాకా వరసగా మూడు క్లాసులు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఇంటికి వెళ్లి రావడం కుదరదు, పడుకోవడమూ కుదరదు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని వ్యాసాలు దిద్దుతాం, రాత్రి క్లాసుకు లెసన్ ప్లాన్ రాస్తాం, ఫొటోకాపీ మిషన్ దగ్గర నిలబడతాం. విద్యార్థులకు తీరిక దొరికేది శని, ఆదివారాల్లో కనుక మాకు ఆ రెండు రోజులే ఎక్కువ పని. పని ముగించి ఫోన్ తీసేసరికి చాలామందికి ఇంటి దగ్గర అమ్మానాన్నలు నిద్రపోయి ఉంటారు.

అయినా ఇష్టపడే ఈ పని చేస్తున్నాం. నర్సు ఉద్యోగం కోసం ఐఎల్టీఎస్ రాస్తున్న అమ్మాయి, పొరుగు దేశం వాళ్లతో వ్యాపారం మాట్లాడాల్సిన పెద్దాయన, క్లాసులో నోరు విప్పడానికే భయపడే పిల్లవాడు, వీళ్లు ఒక్కొక్కరూ మాట్లాడటం మొదలుపెట్టే రోజు మాకు తెలుస్తుంది. ఆ రోజు కోసమే చాలా భరిస్తాం. కానీ భరించకూడనివి కొన్ని ఉన్నాయి. అవి ఇవి.

1. ఉద్యోగం పోతే దేశంలో చోటే పోతుంది

చాలా దేశాల్లో మా పని అనుమతి మీద యజమాని పేరు ఉంటుంది. ఉద్యోగం ఆగిన రోజు నుంచి దేశం విడిచే గడువు లెక్క మొదలవుతుంది. ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, ఆరోగ్య బీమా, పిల్లల స్కూలు అడ్మిషన్ అన్నీ ఆ అనుమతితో వచ్చిన నివాస కార్డు చూపిస్తేనే వచ్చాయి. కార్డు పోతే ఒకదాని వెంట ఒకటి అన్నీ పోతాయి.

జీతం రెండు నెలలు ఆలస్యమైతే స్థానిక ఉద్యోగి మానేసి ఇంకోచోట చేరతాడు, కావాలంటే కేసు వేస్తాడు. మేం కేసు వేస్తే విచారణకు పిలుపు వచ్చేసరికి ఆ దేశంలో ఉండం. ఈ సంగతి మాకు తెలుసు. మాకు జీతం ఇవ్వాల్సిన వాళ్లకు ఇంకా బాగా తెలుసు. కాంట్రాక్టులో లేని పని చేయమన్నా, సెలవు రద్దు చేసినా మేం గట్టిగా మాట్లాడకపోవడానికి కారణం ఇదొక్కటే. దక్షిణ కొరియాలో ఈ-2 వీసా (విదేశీ భాషా టీచర్లకు ఇచ్చే వీసా) మీద ఉన్న టీచర్ కాంట్రాక్టు మధ్యలో పాఠశాల మారాలంటే పాత యజమాని రిలీజ్ లెటర్, అంటే వెళ్లడానికి ఒప్పుకుంటున్నానన్న కాగితం, ఇవ్వాలి. ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్లనే వెళ్లి ఆ లెటర్ అడగాలి.

ఇది మార్చలేని పద్ధతి కాదు. 2007 అక్టోబరులో జపాన్‌లోని అతిపెద్ద ఇంగ్లిష్ పాఠశాలల సంస్థ నోవా కుప్పకూలింది. వేలమంది విదేశీ టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. కంపెనీ తీసుకున్న అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకు ఇల్లు ఖాళీ చేయాల్సిన పరిస్థితి వచ్చింది. ముందే ఫీజు కట్టిన లక్షల మంది విద్యార్థుల డబ్బు ఇరుక్కుపోయింది. అంత నష్టంలోనూ టీచర్ల వీసా కంపెనీతో పాటు ఆ రోజే పోలేదు. ఎందుకంటే జపాన్‌లో నివాస హోదాను ఏ రకం పని చేస్తారో చూసి ఇస్తారు, ఏ యజమాని దగ్గర అని కాదు. ఇప్పుడక్కడ యజమాని మారితే 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి, అదీ టీచరే తెలియజేయవచ్చు. ఖతర్ కూడా 2020లో, ఉద్యోగం మారాలంటే పాత యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలన్న షరతు తీసేసింది. వాళ్లు చేయగలిగింది మిగతా ప్రభుత్వాలూ చేయగలవు.

2. క్లాసు బయట చేసే పనికి జీతం లేదు

కాంట్రాక్టులో బోధన గంటలు మాత్రమే రాస్తారు. కొత్తగా చేరేవారి స్థాయి పరీక్షలు, తల్లిదండ్రులతో మాట్లాడటం, నెలవారీ రిపోర్టులు, డెమో క్లాసులు, ప్రచారం కోసం ఫొటోలు, సెలవు పెట్టిన టీచర్ బదులు క్లాసులు, ఇవేవీ లెక్కలోకి రావు. విద్యార్థి చివరి నిమిషంలో క్లాసు రద్దు చేసుకుంటే కొన్నిచోట్ల మా గంట డబ్బు కోస్తారు, విద్యార్థి కట్టిన ఫీజు మాత్రం వెనక్కి ఇవ్వరు.

ఒక గంట వ్యాకరణం పాఠం బాగా నడవాలంటే అంతకు ముందు ఎంత పని ఉంటుందో టీచర్‌గా పనిచేసిన ఏ మేనేజర్‌కైనా తెలుసు. ఒకే క్లాసులో ఇద్దరు బొత్తిగా కొత్తవాళ్లు, నలుగురు అనర్గళంగా మాట్లాడేవాళ్లు ఉంటే ఆ పని రెట్టింపు. సీట్లు నింపడానికి ఇలా కలిపి కూర్చోబెట్టేది మీరు, దాన్ని సర్దేది మేం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి 1966 అక్టోబరు 5న ఉపాధ్యాయుల హోదా మీద ఒక సిఫారసు ఆమోదించాయి. బోధన గంటలు నిర్ణయించేటప్పుడు పాఠం తయారీకి, దిద్దడానికి పట్టే సమయాన్ని కూడా చూడాలని అందులో ఉంది. 1994 నుంచి ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం అక్టోబరు 5న జరుపుకుంటున్నది ఆ సిఫారసు జ్ఞాపకంగానే. ఆ రోజు మాకు శుభాకాంక్షలు చెప్పే యాజమాన్యాలు ఆ సిఫారసు కూడా ఒకసారి చదవాలని కోరుతున్నాను.

3. యజమానే ఇంటి ఓనరు, యజమానే దుబాసీ

పాఠశాల ఇచ్చే ఇల్లు మొదట్లో పెద్ద సాయమే. భాష రాని ఊళ్లో, డిపాజిట్ కట్టే స్తోమత లేని రోజుల్లో తాళం చెవి చేతికిస్తే ఎవరైనా సంతోషిస్తారు. తర్వాత తెలుస్తుంది, ఉద్యోగం మానేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో కూడా చూసుకోవాలని.

ఆసుపత్రి విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. డాక్టర్ చెప్పింది మాకు అర్థం కాదు, కాబట్టి పాఠశాల మనిషి తోడు వస్తారు. మా సహోద్యోగి ఒకామెకు ఒంట్లో బాగాలేక వెళ్తే పక్కన కూర్చుని తర్జుమా చేసింది ఆమె కాంట్రాక్టు పొడిగించాలో వద్దో తేల్చే మేనేజరే. డాక్టర్‌తో రహస్యంగా మాట్లాడుకోవాల్సిన విషయం ఆమె ఉద్యోగం ఫైల్ పక్కకు చేరింది. ఆ తర్వాత మాలో కొందరు చిన్న చిన్న జబ్బులకు ఆసుపత్రికి వెళ్లడమే మానేశారు. కాంట్రాక్టు రెన్యువల్ అయ్యాక చూపించుకుందాంలే అని వాయిదా వేస్తున్నారు. డిప్రెషన్ లాంటి సమస్య అయితే ఇక నోరే విప్పరు. కొత్త దేశంలో ఒంటరిగా ఉండే మనిషికి ఆ సమస్య రావడం అరుదేమీ కాదు.

4. చదువు చూడరు, పాస్‌పోర్ట్ చూస్తారు

దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి. దక్షిణ కొరియాలో ఇంగ్లిష్ టీచర్ వీసాకు అర్హమైన దేశాలు ఏడు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. భారత్, కొరియాల మధ్య 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం వల్ల, టీచింగ్ సర్టిఫికెట్ ఉన్న భారతీయులకు అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో సహాయ ఇంగ్లిష్ టీచర్లుగా చేరే చిన్న దారి ఏర్పడింది. ప్రైవేటు పాఠశాలల తలుపు మాత్రం మూసే ఉంది. చట్టంలో ఇలాంటి జాబితా లేని దేశాల్లో కూడా ప్రకటనల్లో ఆ దేశాల పేర్లే రాస్తారు, దరఖాస్తుతో పాటు ఫొటో అడుగుతారు. ఫొటో ఎందుకు? మా గొంతు, మా పాఠం, మా సర్టిఫికెట్ చూడకముందే మా రంగు చూడటానికి. ఆ ఏడు దేశాల్లోనే పుట్టి పెరిగిన నల్లజాతి టీచర్లకు, ఆసియా మూలాలున్న టీచర్లకు కూడా ఈ ఫొటో దగ్గరే దరఖాస్తు ఆగిపోతోంది.

ఇంగ్లిష్ టీచర్ల కోసం ఉన్న సెల్టా అనే సర్టిఫికెట్ కోర్సులో కనీసం 120 గంటల శిక్షణ, అసలు విద్యార్థుల ముందు ఆరు గంటల బోధన ఉంటాయి. పరిశీలకులు వెనక కూర్చుని చూసి మార్కులు వేస్తారు. అది పూర్తిచేసి, ఏళ్ల అనుభవం ఉన్న టీచర్‌ని పక్కనపెట్టి, ఏ శిక్షణా లేని మనిషిని పాస్‌పోర్ట్ చూసి తీసుకుంటే నష్టపోయేది ఎవరు? ఇద్దరినీ తీసుకున్న చోట కూడా అవే క్లాసులకు మాకు తక్కువ జీతం. 'మీది ఏ దేశమని విద్యార్థులు అడిగితే వేరే దేశం పేరు చెప్పండి' అని మాలో కొందరికి చెప్పారు కూడా. పాఠం చెప్పే మనిషితో అబద్ధం చెప్పించడం కన్నా అవమానం ఏముంటుంది?

పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాళ్లే మంచి టీచర్లన్న నమ్మకం తప్పని రాబర్ట్ ఫిలిప్సన్ అనే భాషావేత్త 1992లోనే వాదించారు. ఇంగ్లిష్ టీచర్ల అంతర్జాతీయ సంఘం టెసోల్, మాతృభాష చూసి వివక్ష చూపడాన్ని వ్యతిరేకిస్తూ 2006లో ప్రకటన చేసింది. నా అనుభవమూ అదే చెబుతోంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు. జపనీస్‌లో, కొరియన్‌లో, రష్యన్‌లో కూడా లేవు. 'ఎ', 'ది' ఎక్కడ పెట్టాలో తెలియక తడబడే విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో నాకు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే నేనూ అదే దారిలో కష్టపడి నేర్చుకున్నాను. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న సహోద్యోగుల మీద మాకు ఏ కోపమూ లేదు. వాళ్ల దగ్గర మేం నేర్చుకుంటాం, మా దగ్గర వాళ్లూ నేర్చుకుంటారు. అడిగేది ఒకే కొలమానం.

5. బయల్దేరక ముందే మొదలయ్యే అప్పు

డిగ్రీ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, వైద్య పరీక్ష, నోటరీ, అనువాదం, వాటి మీద అపోస్టిల్ ముద్ర, అంటే ఆ కాగితాలు అసలైనవేనని వేరే దేశాలు ఒప్పుకునేలా మన ప్రభుత్వం వేసే ముద్ర. అపోస్టిల్ ఒప్పందం 1961 నాటిది, భారత్‌లో 2005 నుంచి అమల్లో ఉంది. అది వచ్చాక పని కొంత తగ్గిన మాట నిజం. కానీ పోలీస్ క్లియరెన్స్‌కు గడువు ఉంటుంది. మీ ఆఫీసులో ఫైల్ కొన్ని వారాలు ఆగితే ఆ కాగితం చెల్లకుండా పోతుంది, మళ్లీ మొదటి నుంచి తేవాలి. ఆ ఖర్చు మాదే, ఆ ఆలస్యం మాత్రం మాది కాదు.

దీనిపైన ఏజెన్సీ ఫీజు. కార్మికుల దగ్గర నేరుగా గానీ మరో రూపంలో గానీ ఫీజు వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందం చెబుతోంది. 'ప్రాసెసింగ్', 'ట్రైనింగ్', 'డాక్యుమెంట్ సపోర్ట్' అని పేరు మార్చి తీసుకున్నా అది ఫీజే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇంకొకటి ఉంది. 'టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, ఇక్కడికొచ్చాక మారుస్తాం.' తనిఖీకి అధికారులు వస్తే జరిమానా, నిర్బంధం, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధం, ఇవన్నీ టీచర్ పాస్‌పోర్ట్ మీద పడతాయి. పిలిచిన ఏజెన్సీ పేరు ఆ కాగితాల్లో ఎక్కడా కనపడదు. తెలుగు చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: పని వీసా చేతికి రాకుండా విమానం ఎక్కకండి, ఎవరెంత భరోసా ఇచ్చినా సరే.

వచ్చాక 'భద్రత కోసం' అంటూ పాస్‌పోర్ట్ తీసుకుని బీరువాలో పెట్టే యాజమాన్యాలూ ఉన్నాయి. వలస కార్మికుల హక్కులపై 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం 21వ అధికరణ ప్రకారం, చట్టం అధికారం ఇచ్చిన ప్రభుత్వ అధికారి తప్ప ఇంకెవరూ గుర్తింపు పత్రాలు స్వాధీనం చేసుకోకూడదు.

6. చివరికి భారం విద్యార్థి మీదే

పై అయిదింటి వల్ల మంచి టీచర్లు ఒక్క కాంట్రాక్టు పూర్తిచేసి వెళ్లిపోతున్నారు. ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారితే పిల్లవాడు మూడుసార్లు తన పేరు, తన వయసు, తన ఇష్టాలు చెప్పుకుంటూ మొదటి పాఠం దగ్గరే ఉంటాడు. తల్లిదండ్రులు మూడు టర్ములకూ పూర్తి ఫీజే కడతారు. పరీక్షకు నెల ముందు టీచర్ మారిన నర్సు అమ్మాయికి రైటింగ్‌లో అర బ్యాండ్ తగ్గితే ఆమె ఉద్యోగం ఒక ఏడాది వెనక్కి పోతుంది. ఇది మా జీతాల గొడవ మాత్రమే అనుకునేవాళ్లు ఈ పిల్లల ముఖం చూసి ఆలోచించాలి.

ఇప్పుడు మా డిమాండ్లు. ఎవరు చేయాల్సింది వాళ్లకు విడివిడిగా చెబుతున్నాను.

అధికారులకు: పని అనుమతిని యజమాని పేరు మీద కాకుండా వృత్తి పేరు మీద ఇవ్వండి. అది వెంటనే కుదరకపోతే, ఉద్యోగం పోయిన టీచర్ కొత్త చోటు వెతుక్కోవడానికి కనీసం మూడు నెలలు దేశంలో ఉండనివ్వండి. జీతం బకాయి కేసు నడుస్తుంటే అది తేలేవరకు ఉండనివ్వండి. పాత యజమాని సంతకం అడిగే నిబంధన తీసేయండి. అర్హతల జాబితాలో దేశం పేరు తీసేసి, శిక్షణ, అనుభవం, భాషా పరీక్ష స్కోరు పెట్టండి. కార్మిక శాఖ, ఇమిగ్రేషన్ మమ్మల్ని ఒకరి దగ్గరికి ఒకరు తిప్పకుండా, ఫిర్యాదు తీసుకుని రసీదు ఇచ్చే ఒకే కౌంటర్ పెట్టండి. టూరిస్ట్ వీసా మీద పని చేయిస్తే ముందు పిలిచినవాళ్లను శిక్షించండి.

యాజమాన్యాలకు: కాంట్రాక్టులో బోధన గంటలతో పాటు తయారీ గంటలు కూడా రాసి వాటికి జీతం ఇవ్వండి. పొద్దున, రాత్రి క్లాసులు ఒకే రోజు వేస్తే మధ్య విరామానికి పరిహారం ఇవ్వండి. కాంట్రాక్టును మాకు చదవడానికి వచ్చిన భాషలో కూడా ఇవ్వండి, రెండు ప్రతులకూ ఒకే విలువ ఉండాలి. ఉద్యోగం ముగిశాక ఇల్లు ఖాళీ చేయడానికి కనీసం ఒక నెల గడువు ఇవ్వండి. ఆసుపత్రికి పాఠశాలతో సంబంధం లేని దుబాసీని ఏర్పాటు చేయండి. మా పాస్‌పోర్ట్‌లు మీ దగ్గర ఉంటే ఇవాళే తిరిగి ఇవ్వండి, దీనికి గడువు అడగక్కర్లేదు.

ఏజెన్సీలకు: టీచర్ దగ్గర ఏ పేరుతోనూ డబ్బు తీసుకోకండి. దరఖాస్తులో ఫొటో, జాతీయత అడగడం మానండి. టీచర్ బయల్దేరే ముందే పాఠశాల పేరు, జీతం, క్లాసుల వేళలు రాతపూర్వకంగా ఇవ్వండి.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఫీజు కట్టే ముందు టీచర్ ఏ దేశస్తుడని కాక, ఏం చదివాడు, ఎన్నాళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాడు అని అడగండి. మీరు అడిగితే యాజమాన్యాలు వింటాయి.

ఈ డిమాండ్లలో దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో, ఒప్పుకోకపోతే కారణమేమిటో వచ్చే అక్టోబరు 5 లోపు రాతపూర్వకంగా తెలియజేయండి. మాటగా చెప్పిన హామీలు మాకొద్దు. ఆ తేదీకి జవాబు రాకపోతే, ఇదే అర్జీని మరిన్ని పాఠశాలల టీచర్ల సంతకాలతో కార్మిక మంత్రిత్వ శాఖకు, మా దేశాల రాయబార కార్యాలయాలకు ఒకే రోజు అందజేస్తాం.

ఇట్లు,
విదేశంలో పనిచేస్తున్న ఒక ఇంగ్లిష్ టీచర్